టాంకుకి అంకుడుకర్ర బిరడా

ఖాదర్ వలికి కోపం వస్తే గొంతు లేవదు, ఇంకా కిందికి దిగిపోతుంది. మాటలు ఒక్కొక్కటే, పొడిపొడిగా వస్తాయి. అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనక సందులో అతన్ని ఎరిగినవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. అతను గట్టిగా అరుస్తుంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. గొంతు తగ్గిందంటే మాత్రం పక్కకి తప్పుకునేవారు.

యుద్ధం రోజుల్లో పదిహేడేళ్ళ వయసులో విశాఖపట్నం వెళ్ళి, మిలిటరీ లారీల కింద వెల్లకిలా పడుకుని పని నేర్చుకున్నాడు. తరవాత అనకాపల్లిలోనే ఒక సర్కారీ ఆఫీసులో జీపు డ్రైవరుగా కుదిరాడు. చుట్టుపక్కల పల్లెల్లో కలరా సోకిందంటే మందుల పెట్టెలూ సెలైన్ సీసాలూ మోసుకుపోవలసింది ఆ జీపే.

జీపు ముసలిది. డ్రైవరు సీటు కిందే పెట్రోలు టాంకు. ఆ టాంకుకి అడుగున అడ్డంగా ఉండవలసిన రేకు తుప్పుపట్టి రాలిపోయి, కింద నుంచి చూస్తే టాంకు పొట్ట బయటికే కనపడేది. కొత్త రేకు వేయించమని ఖాదర్ వలి మూడు అర్జీలు పెట్టాడు. మూడూ కాంపౌండరు పరదేశి చేత రాయించినవే. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఆదివారాలు ఆఫీసరుగారి ఇంటివాళ్ళని భీమిలి సముద్రానికి తీసుకెళ్ళడానికి మాత్రం అదే జీపు పనికొచ్చేది.

అరవై నాలుగు ఆగస్టులో, వరహా నది ఒడ్డున నక్కలగరువు అనే చిన్న పల్లెలో నలుగురికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయని కబురొచ్చింది. పొద్దున్న ఎనిమిదింటికి జీపు బయల్దేరింది. వెనక రెండు పెట్టెల సెలైన్ సీసాలు, కలరా సూదిమందు, బ్లీచింగు పొడి, బకెట్టు, వాటి మధ్య ఇరుక్కుని పరదేశి. ముందు సీట్లో ఆఫీసరు త్రినాధరావు. ఆయన డాక్టరు కాదు. అక్కడికి వెళ్ళి వచ్చినట్టు కాగితం మీద ఉండాలి కాబట్టి ఎక్కాడు.

ఏటికొప్పాక దాటాక దారి రెండుగా చీలింది. గ్రావెల్ రోడ్డు చుట్టూ తిరిగి వెళ్తుంది. ఏటి ఒడ్డు వెంట పోయే బండ్ల బాట దగ్గరి దారి.

"ఇటు పోనీ," అన్నాడు త్రినాధరావు బాట చూపిస్తూ. "రెండింటికి నాకు మీటింగుంది."

"వానలకి బాటంతా కోసేసింది సార్. రాళ్ళు పైకి లేచి ఉన్నాయి. టాంకు కింద రేకు లేదు."

"దూరం సగం తగ్గుతుందా లేదా?"

"తగ్గుతాది సార్. రోడ్డు మీదైతే పదకొండుకి కచ్చితంగా చేరతాం. దీంట్లో చేరతామో లేదో నేను చెప్పలేను."

"నువ్వు చెప్పక్కర్లేదు. తోలమన్న చోట తోలు."

ఖాదర్ వలి తోలాడు. ఆ తరవాత బతికినన్నాళ్ళూ తన మీద తనకి కోపం వచ్చిన చోటు అదే. స్టీరింగు తన చేతిలో ఉంది. అయినా తోలాడు.

అరమైలు పోయారు. చెరుకు తోటల మధ్య, చక్రాల గాడిలో బురద కింద దాగిన రాయొకటి జీపు పొట్టని ఈడ్చి గీరింది. సీటు కింద చప్పుడైంది. ఆ వెంటనే పెట్రోలు వాసన. ఖాదర్ వలి ఇంజను ఆపేసి కిందికి దూకి, బురదలోనే జీపు కింద దూరాడు. టాంకు అడుగే లోపలికి వంగి చిరిగింది. ధార కడుతోంది. బొటనవేలు అందులో దూర్చాడు. వేలు మొదటి కణుపు దాకా పోయి బిగిసింది. ధార ఆగింది కానీ రేకు అంచు చర్మాన్ని కోసేసింది.

"పరదేశీ! బకెట్టు! బ్లీచింగు డబ్బా కూడా ఖాళీ చేసి పట్రా!"

పరదేశి బకెట్టు కింద పెట్టాడు. ఖాదర్ వలి వేలు తీసి పట్టినంత పెట్రోలు పట్టాడు. సగం అప్పటికే నేలపాలైంది. పరదేశి దగ్గరున్న సబ్బుబిళ్ళ పిసికి ముద్ద చేసి చిరుగులో కూరి, పెట్రోలు తిరిగి పోసి బయల్దేరారు. రెండు ఫర్లాంగులు పోకుండానే, కుదుపుకి సబ్బుముద్ద ఊడి పడిపోయింది. మళ్ళీ బకెట్టు పట్టారు. ఈసారి ఇంకా తగ్గింది.

"కావాలనే చేశావు," అన్నాడు త్రినాధరావు గట్టు మీద నిలబడి. "నా మాట నెగ్గకూడదని రాయి మీదికి ఎక్కించావు."

ఖాదర్ వలి జీపు కింద నుంచి బయటికి వచ్చి, బకెట్టు మీద గుడ్డ కప్పాడు.

సరిగ్గా అప్పుడే ఎదురుగా ఖాళీ ఎడ్లబండి ఒకటి వచ్చింది. ఖాదర్ వలి ప్రాణం లేచివచ్చింది. బురద ఒంటితో పరుగెత్తి బండికి అడ్డం నిలబడ్డాడు.

"బావా, నక్కలగరువులో కలరా. ఈ రెండు పెట్టెలూ కాంపౌండర్నీ అక్కడ దింపాల. బండి తిప్పు!"

బండివాడు ఎడ్లని ఆపాడు. తిప్పడానికి తాళ్ళు కూడా లాగాడు. అంతలో త్రినాధరావు వచ్చి బండిలో కాలు పెట్టాడు.

"నన్ను ముందు హైవే మీద దింపు. నేనక్కడి నుంచి మెకానిక్కుని పంపిస్తాను."

"సార్, ఆరు మైళ్ళు. గాజు సీసాలు. మోసుకెళ్ళలేం. ఆళ్ళు సచ్చిపోతారు సార్," అన్నాడు పరదేశి చేతులు జోడించి.

"నాకు చెప్తున్నావా?"

బండివాడు ఇద్దరినీ చూశాడు. ప్యాంటూ బూట్లూ ఉన్నవాడి మాటే విన్నాడు. బండి ఏటికొప్పాక వైపు కదిలిపోయింది. ఖాదర్ వలి కన్నార్పకుండా దాన్ని చూస్తూ నిలబడ్డాడు. తరవాత గొంతు బాగా తగ్గించి అన్నాడు.

"మెకానిక్కు రాడు పరదేశీ. నువ్వు పెట్టెలకి కాపలా ఉండు. ఎవడైనా చుట్ట కాలుస్తూ ఇటొస్తే రాయెత్తి కొట్టు. నేనిప్పుడే వత్తాను."

ఏటికొప్పాకకి పరుగూ నడకగా వెళ్ళాడు. అక్కడ లక్కబొమ్మలు చేసే ఇళ్ళు చాలా ఉన్నాయి. మొదటి ఇంటి అరుగు మీద ఎర్రయ్య అనే ముసలాయన తాడుతో తిప్పే చేతి లేతు ముందు కూర్చుని కుంకుమ భరిణెలు చేస్తున్నాడు. భార్య చిన్నమ్మలు తాడు లాగుతోంది.

"బొమ్మలకొచ్చేరా బాబూ?"

"బొమ్మలు కాదు మామా. పెట్రోలు టాంకుకి బిరడా కావాల. ఈ వేలంత. కొస సన్నంగా, పైకి పోయేకొద్దీ లావుగా."

చాచిన బొటనవేలి నుంచి రక్తం కారుతోంది. ఎర్రయ్య ఆ వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మాకాడున్నది అంకుడుకర్ర. మెత్తన. బొమ్మకి బాగుంటాది. దీనికి తుమ్మసేవ ఎతుక్కోరాదా?"

"మెత్తనిదే కావాల. గట్టిదైతే రేకు ఇంకా చీలిపోతాది. మెత్తనిదైతే ఆ చిరుగులోకి అదే సర్దుకుంటాది."

"ఎక్కడికెల్తన్నారేటి?"

"నక్కలగరువుకి. కలరా."

చిన్నమ్మలు చేతిలో తాడు ఆగిపోయింది.

"మా పెదనాన్న కూతురు కాసులమ్మని అక్కడే ఇచ్చేరు. సూత్తా కూకున్నావేటి? తిప్పుతాను, కర్రెట్టు!"

ఆమె తాడు లాగిన జోరుకి ఎర్రయ్య ఉలి రెండుసార్లు జారింది. ఒక బిరడా చీలింది. రెండోది కుదిరింది. ఖాదర్ వలి తన వేలి పక్కన పెట్టి చూసుకుని, ఇంకొంచెం కొస తీయమన్నాడు.

"దీన్ని పెట్రోలు తినేయకుండా ఏటైనా పూయాల మామా. తారు పనికిరాదు, కరిగిపోద్ది."

"లక్కుంది గదా!"

"నిప్పు మీద కరగబెట్టిన లక్క టాంకు దగ్గరికి తేలేను. అందరం పోతాం."

ఎర్రయ్యకి మొదటిసారి చిరాకొచ్చింది. "నిప్పెవడు సెప్పేడు? సూడు." తిరుగుతున్న బిరడాకి ఎర్రలక్క కడ్డీ ఆనించి నొక్కాడు. రాపిడి వేడికే లక్క మెత్తబడి కర్రకి పట్టుకుంది. మొగలి ఆకుతో అదిమితే నున్నగా పరుచుకుంది. ఇంజన్ల మధ్య ఇరవయ్యేళ్ళు బతికిన ఖాదర్ వలి నోరు తెరిచి చూశాడు. లక్కని పెట్రోలు కరిగించదని మిలిటరీ షెడ్డులో ఎవరో చెప్పగా విన్నాడు. ఇప్పుడది నిజం కావాలి, అంతే. ఎర్రయ్య బిరడాలు రెండు చేసిచ్చాడు. ఒకటి పోతే ఒకటి ఉంటుందని.

తిరిగొచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. మెకానిక్కు రాలేదు. టాంకు పూర్తిగా ఖాళీ చేసి, వంగిన రేకు అంచుని స్క్రూడ్రైవరుతో మెల్లగా సర్ది, బిరడాకి తడి గుడ్డపేలిక చుట్టి దూర్చాడు. ఇనుము మీద ఇనుము పడితే నిప్పురవ్వ లేస్తుందని, సుత్తి వదిలేసి ఒక చెక్కముక్కతో కొట్టాడు. బిరడా కిర్రుమని బిగిసింది. అది జారకుండా సైకిలు ట్యూబు ముక్కతో అడ్డంగా ఫ్రేముకి లాగి కట్టాడు. మిగిలిన పెట్రోలు పరదేశి పంచె చెంగులో వడగట్టి పోశారు. కింద అరచెయ్యి పెట్టి వంద లెక్కపెట్టాడు. అరచెయ్యి పొడిగానే ఉంది.

నక్కలగరువు చేరేసరికి రెండున్నర.

దేముడు అనే చెరుకు కూలీ ఒంటిగంటకి పోయాడు. ముప్ఫయ్యేళ్ళవాడు. మిగతా ముగ్గురికీ పరదేశి సెలైన్ ఎక్కించాడు. ఆ ముగ్గురూ బతికారు. సాయంత్రానికి ఊళ్ళో అందరికీ సూదిమందు పడింది.

దేముడి భార్య గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆమే చిన్నమ్మలు చెప్పిన కాసులమ్మ. ఏడవడం లేదు. ఖాదర్ వలిని చూసి ఒక్కటే అడిగింది.

"ఎన్నింటికి బయల్దేరేరు బాబూ?"

ఖాదర్ వలి ఇవతలికి వచ్చి, జీపులో ఉన్న ట్రిప్పు పుస్తకం తీసి, నక్కలగరువు చేరిన వేళ దగ్గర రెండున్నర అని రాశాడు. దాని పక్కన, అలా రాయకూడదని తెలిసీ, ఇంకో మాట రాశాడు: దేముడు ఒంటిగంటకు పోయాడు.

మూడో రోజు మెమో వచ్చింది. నిర్లక్ష్యంగా నడిపి ప్రభుత్వ వాహనానికి నష్టం కలిగించినందుకూ, అనుమతి లేకుండా టాంకుకి కర్రముక్క కొట్టినందుకూ సంజాయిషీ చెప్పాలని. ఖాదర్ వలి ఆ కాగితం పట్టుకుని తిన్నగా త్రినాధరావు గదిలోకి వెళ్ళాడు.

"కూర్చో," అన్నాడు ఆయన. ఎన్నడూ అనని మాట. "ఆ మెమో సంగతి నేను చూసుకుంటాను. టీము పదకొండుకి చేరిందని నా రిపోర్టు వెళ్ళిపోయింది. పరదేశి సంతకం కూడా అయింది. నీ పుస్తకంలో ఆ రెండున్నర దిద్దేయ్. పక్కన రాసింది కొట్టేయ్."

ఖాదర్ వలి గొంతు గదిలో ఉన్నవాళ్ళకి కూడా సరిగా వినపడనంత తగ్గింది.

"పదకొండుకి మీరు ఎడ్లబండి మీద ఉన్నారు."

"ఏమిటీ?"

"ఆ బండిలో మందులెళ్ళాల. మీరెళ్ళేరు. నేను పదకొండని రాస్తే, మందు అందేక కూడా ఆ మనిషి పోయినట్టు అవుద్ది. రాయను."

జీపు తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేశాడు. బయట వరండాలో పరదేశి ఎదురై, "బావా, నలుగురు పిల్లలు, ఏం చెయ్యను?" అన్నాడు. ఖాదర్ వలి అతని మొహం చూడలేదు. ఎనిమిది నెలలు మాట్లాడలేదు.

ఇంటికెళ్తే భార్య హాజిరాబీ నిప్పులు కక్కింది. "మీ కోపం మీరు చూసుకున్నారు. పొయ్యి సంగతి ఎవరు చూస్తారు?" అంది. రాత్రి అన్నం వడ్డిస్తూ, "ఇంతకీ దిద్దలేదు కదా?" అని అడిగింది. లేదన్నాడు. ఇంకో గరిటె వేసి వెళ్ళిపోయింది.

బెల్లం మార్కెట్టు దారిలో తాటాకు షెడ్డు వేసుకుని లారీలు బాగు చెయ్యడం మొదలుపెట్టాడు. ఆ జీపు మాత్రం కొత్త టాంకు రాక ఇంకో ఏడాదిన్నర అదే బిరడాతో తిరిగిందని విన్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా గర్వానికి బదులు ఒళ్ళు మండేది.

మరుసటి ఏడు వేసవిలో కాసులమ్మ బెల్లం బండి వెంట అనకాపల్లి వచ్చింది. ఎర్రయ్య చెప్పిన గుర్తులు పట్టుకుని షెడ్డు దగ్గరికి వచ్చి నిలబడింది. ఖాదర్ వలి చేతులు తుడుచుకుని, ఆమె అడక్కుండానే మొత్తం చెప్పాడు. ఎనిమిదింటికి బయల్దేరడం, రెండు దారులు, రాయి, ఎడ్లబండి, రిపోర్టులో పదకొండు. ఏదీ దాచలేదు.

ఆమె కొంగు నడుముకి దోపుకుంది.

"తోలమన్నోడి మీదే గాదు, నాకు నీ మీదా కోపంగానే ఉంది. నువ్వు తోలేవు గదా."

"తోలేను," అన్నాడు ఖాదర్ వలి.

"అయితే రా. ఆ ఆపీసెక్కడో సూపించు."

ఇద్దరూ వెళ్ళారు. త్రినాధరావు అప్పటికే పెద్ద ఉద్యోగమై వేరే ఊరు పోయాడు. ట్రిప్పు పుస్తకం చూపించడం కుదరదన్నాడు గుమస్తా. కాసులమ్మ వరండా మెట్టు మీద నిలబడి, తన మొగుడి పేరూ, పోయిన వేళా చెప్పి, ఈ రెండూ మీ కాగితంలో ఎలా రాసుకున్నారో చదవండని గొంతెత్తింది. గుమస్తాలు ఒక్కొక్కరే బయటికొచ్చారు. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగారు. ఖాదర్ వలి ఆమె పక్కన నిలబడి, గంటా నిమిషాలతో సహా తనకి తెలిసింది చెప్పాడు. ఆ రోజు మాత్రం అతని గొంతు తగ్గలేదు.

పోలీసుల్ని పిలుస్తామన్నారు. పిలవమంది కాసులమ్మ. ఎవరూ పిలవలేదు. జనం వెనకాల నుంచి పరదేశి ముందుకొచ్చి, తలొంచుకుని, "రెండున్నరే. నేనే సెలైన్ పెట్టేను," అన్నాడు. గుమస్తా అతన్ని లోపలికి రమ్మని కేకేశాడు. పరదేశి కదల్లేదు.

రిపోర్టులో పదకొండు పదకొండుగానే ఉండిపోయింది. ఆఫీసు తలుపులు వేసేదాకా ముగ్గురూ ఆ మెట్టు మీదే నిలబడ్డారు.