పిల్లిగద్దల బీడు

రాచర్ల దగ్గర మా బావకు ఆరెకరాల బీడు ఉండేది. బావ అంటే మా అక్క భర్త. వానలు వెనకబట్టాక, ఎక్కడో ఉత్తరాన చలి దేశాల నుంచి పిల్లిగద్దలు ఆ బీడుకు వచ్చేవి. పగలంతా చేల మీద మిడతల కోసం తిరిగి, పొద్దుగూకే వేళకు మోకాలెత్తు గడ్డిలో దిగి నేల మీదే పడుకునేవి. గద్దన్నాక చెట్టెక్కాలి గదా అనుకునేవాణ్ణి. కళ్లారా చూసిన రోజు నుంచి నాకు ఆ పిచ్చి పట్టుకుంది. కార్తీకంలో ఆదివారం వస్తే గిద్దలూరులో నా ఇనుప సామాన్ల దుకాణం మూసేసి అక్కడికే పోయేవాణ్ణి. ఇంట్లోవాళ్లు నాకు గద్దల గుమాస్తా అని పేరు పెట్టారు.

ఆ ఏడు బావ బీడు దున్ని శనగ వేస్తానన్నాడు. మంచి వాన పడింది, పదును ఆరిపోతోంది, మర్నాటి పొద్దుకే ట్రాక్టరు మాట్లాడేశాడు. నేను కాళ్లావేళ్లా పడ్డాను.

“యాభై గద్దలుంటాయని ఊరంతా చెప్పుకుంటివి గదా బామ్మర్దీ. ఈ సాయంత్రం ఎంచు. యాభై ఉంటే ఈ ఏడు దున్నను. ఒకటి తగ్గినా దున్నిస్తా. మళ్లీ నా మీద ఏడవొద్దు.”

బావ మాటంటే మాటే. అందుకే ఒప్పుకున్నాను.

ఆ పక్షులు నాలుగు దిక్కుల నుంచీ చివరి అరగంటలోనే దిగుతాయి. ఒక్కడి కళ్లు చాలవు. బీడు పక్కన గొర్రెలు మేపే పెద్దాయనను సాయం అడిగాను. ఆయన్ను మామా అని పిలుస్తాను. మందలో ఎక్కడో ఒక పిల్ల కుంటినా పట్టేసే కళ్లు ఆయనవి. బీడు నడుమ ఉన్న తుమ్మచెట్టును హద్దు పెట్టుకున్నాం. తూర్పున దిగినవి నావి, పడమట దిగినవి ఆయనవి. బావ రోడ్డు మీద బండికి ఆనుకుని నిలబడ్డాడు.

పొద్దు వాలినా ఒక్కటీ రాలేదు. తర్వాత ఒకటి, వెనకే మూడు. దిగినది మళ్లీ లేచేది. లేచినదాన్ని తీసేసి, దిగాక మళ్లీ కలుపుకోవాలి. ఎవరి కుక్కో మొరిగితే ఒక్కసారే ఆరు లేచాయి, ఆరూ లెక్కలోంచి తీసేశాను. ఆవలి గట్టు మీద మామ కుడి జేబులోంచి ఎడమ జేబులోకి గులకరాళ్లు వేసుకుంటూ నిలబడ్డాడు. వెలుగు పోయేసరికి నావి పంతొమ్మిది.

“మామా, నీవెన్ని?” అని కేకేశాను.

“పద్దెనిమిది!”

ముప్పై ఏడు. బావ వైపు నడుస్తుంటే యాభై ఒకటి అనే మాట నోటిదాకా వచ్చింది. చెబితే ఎవరు పట్టుకుంటారు? కానీ తప్పుడు లెక్క నేను ఎన్నడూ చెప్పి ఎరగను. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే.

“ముప్పై ఏడు బావా.”

“నిజం చెప్పినావు. అది చాలు,” అని భుజం తట్టి వెళ్లిపోయాడు. ఆ మెప్పుకు లోపల కొంచెం పొంగాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మర్నాడు పది దాటాక మామ గొలుసు కొనడానికి దుకాణానికి వచ్చాడు.

“ఏంది అల్లుడా, తెల్లారే ట్రాక్టరు దిగింది? అన్ని గద్దలుండంగ మీ బావ ఎట్ల దున్నిస్తాండాడు?”

“ముప్పై ఏడే గదా మామా.”

“ముప్పై ఏడేంది? నావే పద్దెనిమిది జతలు గదా.”

“జతలా?”

“మరి? రెండు దిగితే ఒక రాయి. కొన్నా అమ్మినా జతే గదా. గొర్లను ఎవురన్నా ఒంటిగా ఎంచుతారా?”

బోల్టులు అడిగిన ప్రతివాడినీ డజన్లా, విడిగానా అని రెండుసార్లు అడిగి గానీ పొట్లం కట్టను. మామను ఒక్కసారి అడగలేదు. ముప్పై ఆరూ పంతొమ్మిదీ యాభై ఐదు. బావకు ఫోన్ చేశాను. ట్రాక్టరు మోతలో ఆయనకెక్కడ వినపడుతుంది? షట్టరు దించి, మామను వెనక కూర్చోబెట్టుకుని బండి తోలాను. దారిలో నాలుగుసార్లు ఆగి మళ్లీ చేశాను. ఎత్తలేదు. మేము చేరేసరికి ట్రాక్టరు చివరి సాళ్లు తోలుతోంది. బీడంతా నల్లగా తిరగబడి, గడ్డి వేళ్లు పైకి తేలి ఉన్నాయి.

బావకు అసలు లెక్క చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“నిన్న ఈ మాట చెప్పింటే ఆపేవాణ్ణి గదరా,” అన్నాడు.

ఆ సాయంత్రం ముగ్గురం గట్టు మీద కూర్చున్నాం. అవి వచ్చాయి. ఒక్కొక్కటే కిందికి వాలి, మట్టి మీద తల అటూ ఇటూ తిప్పి చూసి, దిగకుండానే లేచిపోయాయి. నేను ఎంచలేదు. నాకు చేతకాలేదు. చూపు ఆనినంతసేపు తిరిగి తిరిగి నల్లమల వైపు సాగిపోయాయి. పక్కన బావ వేళ్లు ముడుస్తూ, తెరుస్తూ ఉన్నాడు.

“యాభై మూడు బామ్మర్దీ,” అన్నాడు. “ఒక్కొక్కటే ఎంచినా.”