అత్తయ్యని పిలవని బారసాల

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర ఫంక్షన్ హాల్లో మా అమ్మాయి కూతురి బారసాలకి ఎవరో సాంబ్రాణి కప్పు వెలిగించారు. ఆ వాసన తగలగానే పామర్రులో మా పెరటి నీళ్లపొయ్యి, ఆముదం, సున్నిపిండి, బాలింతకి పెట్టే కాయం ఘాటు, వాటి మధ్య పీట మీద కాళ్లు బారచాపుకుని కూర్చున్న మా మేనత్త గుర్తొచ్చింది. గుర్తొచ్చి ఒళ్లు మండింది.

పెళ్లయిన కొన్నాళ్లకే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసిన మనిషి. మా వీధిలో ఏ ఇంట పురుడొచ్చినా అత్తయ్యకే కబురు. బిడ్డని కాళ్ల మీద బోర్లా వేసుకుని, నలుగు పెట్టి, వేణ్ణీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి పడుకోబెడితే మళ్లీ పాలకే లేచేది. ఆడవాళ్లెవరు పోయినా కబురు అత్తయ్యకే. ఆఖరి స్నానం చేయించి, కొత్త చీర కట్టి, ఏడ్చేవాళ్లకి ఇంత మజ్జిగ పట్టించి వచ్చేది. పుట్టినప్పుడూ ఆ చేతులు కావాలి, పోయినప్పుడూ ఆ చేతులు కావాలి. మధ్యలో వచ్చే శుభాలకి మాత్రం ఆ ముఖం పనికిరాదు. ఏం న్యాయమండీ ఇది?

మా తమ్ముడి బారసాల నాడు ఇల్లంతా బంతిపూలు, నానబెట్టిన శనగలు, నేతి బూరెలు. పొద్దున వాడికి నీళ్లు పోసింది అత్తయ్యే. ముత్తైదువులు రావడం చూసి తనంతట తానే ధాన్యం కొట్టుగదిలోకి వెళ్లి తలుపు చేరవేసుకుంది. ఉయ్యాల్లో వెయ్యగానే వాడు గుక్కపట్టాడు. ఒకరి తరవాత ఒకరు ఊపారు, పాడారు, ఎత్తుకు తిప్పారు. ఊహూఁ.

"అత్తయ్యని పిలవొచ్చుగా నాయనమ్మా," అన్నాను.

"నోర్ముయ్యవే! శుభమా అని పేరు పెడతంటే!" అని కసిరింది నాయనమ్మ. కసిరి, వాణ్ణి కొంగు చాటున కొట్టుగదిలోకి తీసుకెళ్లింది. నేనూ వెనకే దూరాను. అత్తయ్య వాణ్ణి భుజాన వేసుకుని, వాడి వీపు నిమురుతూ, బయటికి వినపడకుండా గొంతు దించి జోలపాట పాడింది. నిద్రపోయిన బిడ్డని తెచ్చి, ఉయ్యాల్లో వేసి, తాడు ముత్తైదువుల చేతికిచ్చారు. వాడెక్కడ ఊరుకున్నాడో అందరికీ తెలుసు. ఒక్కరూ ఆ తలుపు వైపు చూడలేదు. అత్తయ్యకి బూరెలు మాత్రం ఆకులో పెట్టి పంపారు.

ఇప్పుడు నీళ్లపొయ్యి లేదు, కాయం చేసేవాళ్లు లేరు, కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోయడం ఈ కాలం వాళ్లకి రాదు. మా మనవరాలికి పుట్టినప్పటి నుంచీ పోస్తున్నది నేనే. ఇన్ని పోయాయి కదా, ఆ కొట్టుగది కూడా పోయే ఉంటుందనుకున్నాను. నిరుడు మా ఆయన పోయారు. పేరు పెట్టే వేళకి మా వియ్యపురాలు ఎంతో మర్యాదగా దగ్గరికొచ్చి, "వదినగారూ, మీరలా వెనక సోఫాలో కూర్చోండి. అక్కడ ఏసీ బాగా తగులుద్దండీ," అంది.

కొట్టుగదికి ఏసీ పెట్టించారన్నమాట.

"నాకు చల్లగాలి పడదు వదినగారూ," అని లేచి, తిన్నగా వెళ్లి ఉయ్యాల తాడు పట్టుకున్నాను. ముత్తైదువుల పాట ఠక్కున ఆగిపోయింది. తలుపు వెనక అత్తయ్య గొంతు దించి పాడిన ఆ జోలపాటని నేను గొంతెత్తి అందుకున్నాను.