అన్న కెమెరా ఏది?

మొన్న మా అన్న సంవత్సరీకానికని కంఠేశ్వర్‌లో ఉన్న ఆయన కూతురింటికి వెళ్లానా, ఆ పిల్ల నాకు మంచినీళ్లిచ్చి, గ్లాసు కింద పెట్టకముందే రెండు పాత ఫిల్ము కెమెరాలు తెచ్చి నా ముందు పెట్టింది. రెండూ ఒకే కంపెనీవి, ఒకే ఈడువి, నల్లటి తోలు తొడుగుల్లో కవలపిల్లల్లా ఉన్నాయి. ఒకటి అన్నది, ఇంకోటి ఉద్యోగం వచ్చాక నేను ఆయన దగ్గరే వదిలేసిన నాది. అన్న ఫోటో పక్కన ఆయన కెమెరా పెట్టాలని దాని కోరిక.

"సిన్నబాపూ, బాపుది ఏదో నువ్వే చెప్పాలె. నాకైతే రెండూ ఒక్క తీరుగనే కనబడ్తున్నయి" అంది.

తప్పు చెప్పానంటే, మనిషిని నేను ఇక్కడ కూర్చుని ఉండగానే నా కెమెరాకు దండ పడుతుంది.

నవీపేట్ బడిలో పంతులుద్యోగం దొరికేదాకా నేను బోధన్‌లో అన్న స్టూడియోలోనే పని చేశాను. చెరుకు సీజను మొదలైందంటే చక్కెర ఫ్యాక్టరీకి వెళ్లే బండ్లు రోడ్డు పొడవునా బారులు తీరడం, ఊరంతా, చివరికి తలగడలు కూడా, ఉడికే రసం వాసన కొట్టడం నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు. మహారాష్ట్ర నుంచి కోతకు వచ్చిన వాళ్లు పిల్లాజెల్లాతో ఫోటో దిగడానికి వచ్చి, ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లు. స్టూడియో అన్నది, పెళ్లిళ్లు నావి. నా ఫోటోల్లో పెళ్లికొడుకు కన్నా షామియానా గుంజ స్పష్టంగా పడేది. అయినా పిలిచేవాళ్లు, అది అన్న మీది గౌరవమే తప్ప నా మీద నమ్మకం కాదు.

సరే, కెమెరాల దగ్గరికి వస్తాను. అన్న దసరా నాడు తన కెమెరాకు కుంకుమ బొట్టు పెట్టడం నాకు బాగా గుర్తు. లెన్సు మీద ఎర్ర చుక్క ఉన్నదే ఆయనదని ధీమాగా చెప్పేశాను. తీరా చూస్తే రెండో దాని మీదా అదే చోట అదే చుక్క. గోటితో గీకాను, పోలేదు. మా అల్లుడు ఫోనులో వెతికి, అది కంపెనీ వేసిన గుర్తేనని, మన కంటికి కనబడని వెలుతురులో ఫోటో తీసేటప్పుడు లెన్సు ఎంత తిప్పాలో చెప్పే చుక్కని తేల్చాడు. కంపెనీ వాళ్లు బొట్టుకు చోటు చూపించారనుకుని అన్న ఏటా సరిగ్గా దాని మీదే కుంకుమ అద్దేవాడన్నమాట. ఉన్నది ఒక్క చుక్కే అయినా నాకు మాత్రం చుక్కలు చూపించింది.

అప్పుడు తోలు తొడుగులు విప్పించాను. కొన్న రోజునే అన్న సూదితో కెమెరాల అడుగున గీతలు గీశాడు, పెద్దవాడికి ఒకటి, చిన్నవాడికి రెండు. ఆ తరువాత రీలు మార్చడానికి ఎన్నిసార్లు తొడుగు విప్పినా, అడుగున గీతలు చూసిన పాపాన నేను పోలేదు. గీతలు అలాగే ఉన్నాయి. ఒక్క గీత ఉన్నదాన్ని ఎత్తి చూపి, ఇదే మీ బాపుదని గెలిచినవాడిలా ప్రకటించాను.

వంటింటి గడపలో నిలబడి ఇదంతా వింటున్న వదిన నవ్వింది.

"గీతలైతే నిజమే. కానీ నీది మొరాయించినప్పుడల్లా మీ అన్న తనది నీ తొడుగుల పెట్టి పంపిస్తుండె. పెండ్లిల నీకు మాట రావొద్దని. ఆఖరుకు ఆ ఖరాబుదే తన కాడ ఉంచుకున్నడు. నీకు గింత కూడ ఎర్కలేదా?"

నాకు ఎరుక లేదు. రెండు గీతల కెమెరా మీట లాగి నొక్కాను. కదల్లేదు. ఇంత మొండిదాన్ని పట్టుకుని, ఊపిరి బిగబట్టిన అంతమందిని ఆయన ఎలా నిలబెట్టాడో. ఇప్పుడు అన్నది ఏదనాలి? తనదని గీత గీసుకున్నదా, చేత్తో మోసిందా? ఎటూ తేల్చుకోలేక నేను కెమెరాలను అటూ ఇటూ తిప్పుతుంటే, అన్న కూతురు నా చేతిలోంచి ఆ మొరాయించేదాన్ని మెల్లగా తీసుకుని తండ్రి ఫోటో పక్కన పెట్టింది. రెండోది నన్నే ఉంచుకొమ్మంది.

దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో వస్తుంటే జేబులో ఫోను మోగింది. తీయగానే నా ముఖం చూసి గుర్తుపట్టింది. కళ్లద్దాలు పెట్టుకున్నా గుర్తుపడుతుంది, తీసినా గుర్తుపడుతుంది, నాది ఇంకొకరి చేతిలో తెరుచుకోదు. మంచిదే కావచ్చు. కాని ఒక ఇంట్లో ఒకరి వస్తువు ఇంకొకరి వస్తువులా కనబడే రోజుల్లో, రెంటిలో మంచి వస్తువు సద్దు లేకుండా చేయి మారేది. ఇచ్చినవాడు చెప్పుకునేవాడు కాదు, పుచ్చుకున్నవాడికి తెలియను కూడా తెలిసేది కాదు.