నడక వల్లే అన్నాను

బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకుని ఏడాది దాటింది. పొట్టను కోసి అరటిపండంత చేశారు. తొంభై పౌండ్లు తగ్గాను. బీపీ మాత్ర మానేశాను, మెట్లెక్కితే ఆయాసం లేదు. ఇంకేం కావాలంటారు మా ఆయన. నాకు మాత్రం విసుగ్గా ఉంటుంది. నాలుగు ముద్దలు తినడానికి అరగంట, ఆ తర్వాత ఇంకో అరగంట దాకా మంచినీళ్లు ముట్టకూడదు. పొద్దున్నే గ్లాసుడు ప్రోటీన్ పొడి, బతికినన్నాళ్లూ విటమిన్ మాత్రలు. దువ్వితే చేతినిండా జుట్టు. ఒక్క ముద్ద ఎక్కువైతే బాత్‌రూమ్‌కి పరుగు.

ఆపరేషన్ సంగతి ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదు. మేముండే నోవై ఊళ్లో మా తెలుగువాళ్లు తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లలో ఎలా తగ్గావని అడిగితే, "వాకింగ్, జొన్నరొట్టె, సాయంత్రం ఆరు తర్వాత ఏమీ తినను" అనేదాన్ని. కోయించుకుని సన్నబడిందంటారేమోనని సిగ్గు. తిండి పట్టకపోయినా ఆ అబద్ధం మాత్రం ఒంటికి బాగా పట్టింది.

మా వీధిలోనే ఉండే అక్క దాన్ని నమ్మింది. సొంత అక్క కాదు, పదేళ్ల స్నేహం. ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. బరువు తగ్గితే తప్ప వాటికి ఆపరేషన్ చేయలేమన్నారు డాక్టర్లు. అందుకని ఆర్నెల్లు నేను చెప్పినట్టే తింది, నేను చెప్పినట్టే పస్తులుంది. బయట మంచు కాబట్టి శనివారాలు ఇద్దరం మాల్‌లో నడిచేవాళ్లం. ఆవిడ కుంటుతూనే నడిచేది.

మొన్న శనివారం తిరిగి వస్తుంటే కార్‌లో ఏడ్చింది.

"నాలుగు పౌండ్లే తగ్గాను. నాకే కంట్రోల్ లేదే. నీకున్న విల్‌పవర్ నాకెక్కడిది?"

ఇక దాచే ఓపిక లేకపోయింది.

"అక్కా, నేను సర్జరీ చేయించుకున్నాను" అన్నాను, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఆవిడ కళ్లు తుడుచుకుంది. వాళ్లింటి ముందు కార్ ఆపాక అడిగింది.

"ఆర్నెల్లు నేను కడుపు మాడ్చుకుంటుంటే చూస్తూ ఊరుకున్నావా?"

ఊరుకున్నా కొంత నయంగా ఉండేది. బరువు తగ్గడం లేదని ఆవిడ దిగులుపడిన ప్రతిసారీ, నాకూ మొదట్లో ఇలాగే ఉండేదని ధైర్యం చెప్పాను.