స్టీరింగ్ దగ్గర ఒక మనిషి

ఫ్రాన్సిస్ జీపు ఏనాడూ ఎవరి పెళ్ళికీ పోలేదు. ఖిలా వరంగల్ అవతల సమాధుల తోటకు పోయే బాట అంతా నల్లరేగడి. వాన పడితే ఆటో దిగబడుతుంది, అంబులెన్సు మొహం చాటేస్తుంది. నాలుగు చక్రాలూ లాగే ఆ పాత జీపు ఒక్కటే శవపేటికను చివరిదాకా చేరుస్తుంది. చర్చివాళ్ళు అతన్ని తలచుకునేది ఆ రోజొక్కటే. మిగతా రోజుల్లో జీపు గల్లీలోకి వస్తే తల్లులు పిల్లల్ని లోపలికి పిలుచుకుంటారు. అలాంటి బండి నడిపేవాడికి పిల్లనెవరిస్తారు? ఎవరూ ఇవ్వలేదు. యాభై దాటాయి.

ఈ వానాకాలం ముందుచక్రాలు వణకడం మొదలైంది. ఒకరోజు పేటికతో పోతుంటే స్టీరింగ్ చేతుల్లో ఎగిరి, బండి కాలువ అంచుదాకా పోయి ఆగింది. ఫాదర్ మర్యాదగానే చెప్పారు: "బాగు చేసుకో ఫ్రాన్సిస్. అయ్యేదాకా ట్రాక్టర్ మాట్లాడుకుంటం."

ట్రాక్టర్ అలవాటైపోతే ఇక తనను పిలిచేదెవరు? ఆ భయంతోనే ఫ్రాన్సిస్ పనిలోకి దిగాడు.

ఇంటి ముందు రేకుల కింద ముందు ఇరుసు మొత్తం విప్పాడు. హబ్బులు, బేరింగులు, చక్రం పక్కకు తిరిగేచోట ఉండే కింగ్‌పిన్నులు డీజిల్‌లో కడిగాడు. అరిగినవి మార్చాడు. పిన్ను మూత కింద పల్చటి రేకుబిళ్ళలుంటాయి. ఒకటి తగ్గితే చక్రం బిగుసుకుంటుంది, ఒకటి ఎక్కువైతే మళ్ళీ వణుకుతుంది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు కదా, వేస్తూ తీస్తూ కూర్చున్నాడు. పనిచేస్తున్నంతసేపూ బేరింగులతోనే మాట్లాడాడు. వేరే ఎవరున్నారు గనక?

చివరికి వచ్చేసరికి చిక్కొచ్చిపడింది. ఒకరు పైన కూర్చుని స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతుంటే, ఇంకొకరు కింద పడుకుని పిన్ను దగ్గర వదులుందేమో చూడాలి. స్టీరింగ్‌కు తాడు కట్టి కిందినుంచి లాగి చూశాడు. అది ఒక పక్కకే వచ్చింది.

పక్కింటి మహిపాల్‌ను అడిగాడు.

"శవాల బండిల కూసుంటె మా ఇంట్ల ఊకుంటరా అన్నా?" అని మహిపాల్ నవ్వాడు. ఫ్రాన్సిస్ కూడా నవ్వాడు. మళ్ళీ రేకుల కిందికి వచ్చాక ఏడుపొచ్చింది.

అటుగా వచ్చిన కూరగాయల రాజక్క గంప దించింది. "ఏమైంది తమ్మీ, గట్లున్నవ్?"

చెప్పాడు.

"గంతేనా? మా ఆయనను గీ బండిలనే తోలుకపోతివి. నాకేం భయం?" అంటూ చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కి కూర్చుంది.

ఫ్రాన్సిస్ కిందికి దూరాడు. స్టీరింగ్ అటూ ఇటూ తిరిగింది. పిన్ను దగ్గర రవ్వంత వదులు కూడా లేదు. పని అయిపోయినట్టే. ఇక దిగమని చెప్పొచ్చు.

"ఎట్లున్నది తమ్మీ? బాగైందా?"

ఆ బండెక్కేది పేటిక పక్కన ఏడ్చేవాళ్ళే. ఎక్కి అతన్ని పలకరించిన మనిషి లేదు ఇన్నేళ్ళలో.

"ఇంకా జర వదులున్నదక్కా," అన్నాడు ఫ్రాన్సిస్. "మల్ల తిప్పు."