కౌజు పలకకపోతే

మొన్న పొద్దుగూకే వేళ, జనగామ శివార్లలోని మా కాలనీలో, ఇంకా ఇల్లు లేవని ఎదుటి ప్లాటులో ఏదో పిట్ట దిగిందని అందరూ సెల్‌ఫోన్లు పట్టుకుని గుమిగూడారు. నెమలి పిల్ల అన్నారొకరు, గిన్నెకోడి అన్నారొకరు. కాలికి ముల్లు చూడరు, మెడ కింద నల్లగీత చూడరు, తలా ఒక పేరు పెట్టేయడమే! అది కౌజు అని చెప్పాను గానీ, ఎనభై దాటిన ముసలిదాని మాట ఎవరికి కావాలి.

నా ఈడు వాళ్లకైతే కౌజంటే చెప్పనక్కర్లేదు. తొర్రూరు వైపు మా ఊళ్లో బాపు, అంటే మా నాన్న, ఒక మగ కౌజును పిల్లప్పటి నుంచి చెదలు తినిపించి పెంచాడు. పంజరంతో చేను గట్టున పెడితే అది కూసేది, ఆ కూతకు రోషమొచ్చి అడవి కౌజు కొట్లాటకు వచ్చి ఉచ్చులో పడేది. బయట ఏ కౌజు కూసినా మా పిట్ట ఊరుకునేది కాదు, తిట్టుకు తిట్టు అన్నట్టు బదులు కూసేది. ఒక్క బాపు ఆ కూత కూస్తే మాత్రం, పెంచిన మనిషి గొంతు గుర్తుపట్టి, నోరు మూసుకుని పంజరం ఊచల దగ్గరికి వచ్చి నిలబడేది.

సాయుధ పోరాటం రోజుల్లో బాపు సంగంలో కలిసి గూడూరు అడవుల్లోకి వెళ్లాక, ఆ గుణమే మాకు ఆధారమైంది. ఊళ్లో మిలిటరీ ఉంది, ఇంటికి వస్తే ప్రాణాలు దక్కవు. సాయంత్రం జొన్నచేలో కౌజు కూస్తే అవ్వ, అదే మా అమ్మ, పొయ్యి ముందు నుంచి లేచి పంజరం వైపు చూసేది. మా పిట్ట బదులు పలికితే అది ఉత్త పిట్టే. పలకకపోతే, "పిట్ట సప్పుడు చేస్తలేదు బిడ్డా, మీ బాపే" అని నా చెవిలో చెప్పి, జొన్నరొట్టెలు కొంగున కట్టుకుని, గడ్డికి పోతున్నట్టు చేనికి పోయేది. ఆ ఒక్క మాట కోసం నేను పొద్దంతా కాచుకునేదాన్ని.

ఒక వానాకాలం చివర అడవిలో కాల్పులు జరిగాయని విన్నాం. ఎవరు పోయారో, ఎవరు మిగిలారో చెప్పే దిక్కు లేదు. ఆ తర్వాత చేలో కౌజు కూసిన ప్రతిసారీ మా పిట్ట బదులు పలికింది. దాని మీద నాకు ఎంత కోపమో, మెడ విరవాలనిపించేది. అవ్వ మాత్రం ఎప్పటిలాగే రొట్టెలు కట్టుకునేది. పిట్ట పలికింది గదా, ఎందుకు పోతావని నేను ఏడిస్తే, నా వైపు చూడకుండానే అంది: "పలికితే పలకనియ్యి. దానికేం ఎరుక." తిరిగొచ్చాక ఆ రొట్టెలే మేమిద్దరం తినేవాళ్లం.

అవ్వా లేదు, ఆ పంజరమూ లేదు. ఒకప్పుడు ఒక కౌజు కూస్తే నాలుగు చేలవతల నుంచి బదులొచ్చేది, ఇప్పుడు చేలే లేవు, నాకు పలకరింపూ లేదు. మొన్న అందరూ ఫోటోలు తీసుకుని ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయాక, అది గొంతెత్తి కూసింది. నేను గేటు పట్టుకుని చాలాసేపు విన్నాను. ఎటు నుంచీ బదులు రాలేదు.

మా ఇంటి లెక్కలో, బదులు రాకపోతే అది బాపే. వంటింట్లో పొద్దుటి రొట్టె ఒకటి మిగిలి ఉంటే, కొంగున కట్టుకుని రోడ్డు దాటాను.