మోటెద్దులకు కట్టిన తాడు

1965 ఎండాకాలం. ఓడరేవులో డైవర్ పని మానేసి నేను అనకాపల్లిలో కాపురం పెట్టిన రోజులు. బావుల్లో, చెరువు తూముల్లో పడిపోయినవి తీయడం నా పని. బుచ్చయ్యపేట వైపు అప్పలనాయుడనే రైతు బావిలో ఆయిల్ ఇంజన్ ఫుట్‌వాల్వ్ ఊడి అడుగుకు పోయింది. గొట్టంలోని నీరు వెనక్కి జారకుండా పట్టి ఉంచే మూత అది. అది లేక ఇంజన్ ఆగింది. ఎద్దులు తోలు బానతో తోడే మోట నీరు చాలక చెరకు ఎండుతోంది.

నా సరంజామా ఇత్తడి హెల్మెట్, సీసం బూట్లు, గట్టు మీది చేతిపంపు నుంచి గాలి తెచ్చే హోస్. పంపు కొట్టేది నా భాగస్వామి మస్తాన్, మా ఊరి రేకుల పనివాడు. గాలి ఆగితే? దానికీ ఏర్పాటుంది. నా నడుముకు వేరే తాడు. రెండుసార్లు గుంజితే పైకి లాగాలి. ఆ బరువు మనుషుల వల్ల కాదని నాయుడు మోటకున్న తోలు బాన విప్పేసి, తాడు అడుగుదాకా అందేలా పొడిగించి నాకు కట్టాడు. రెండో కొస ఎద్దులకు.

“నీకేటి బెంగ బావా? నా ఎద్దులు కొండనైనా లాగేత్తాయి,” అన్నాడు.

“కొండొద్దు బావా, నన్ను లాగితే సాలు.”

బావిలోకి దిగి అడుగు బురదలో తడుముతుంటే వాల్వ్ చేతికి తగిలింది. అంతలో గాలి ఆగిపోయింది. పంపులో తోలు వాషర్ చిరిగిందట. హెల్మెట్‌కు నాన్-రిటర్న్ వాల్వ్ ఉంది కనుక లోపలి గాలి హోస్‌లోకి తిరిగి పోలేదు, కానీ మిగిలింది ఆ కాస్తే. రెండుసార్లు గుంజాను. జుమ్మని లేచాను. నీరు తెల్లబడింది, పైకి ఇక మనిషి ఎత్తు దూరం. అక్కడ ఆగి, మెల్లగా మళ్లీ బురదలోకి దిగిపోయాను.

మళ్లీ గుంజాను. మళ్లీ వెలుగు, మళ్లీ బురద. తాడు తెగితే రాయిలా పడాలి, తెగకపోతే పైకి రావాలి. ఇదేమిటో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. చచ్చి, పుట్టి, మళ్లీ చస్తున్నానేమో అనిపించింది. అద్దం ముందున్న కొర్రమీను రెండోసారి నాకు దారిచ్చి పక్కకు జరిగింది. నమ్మకపోతే మానండి. మూడోసారికి చెవుల్లో హోరు, వేళ్లలోంచి వాల్వ్ జారిపోయింది.

గట్టు మీద జరిగిందిది. మోటెద్దులు బాన పైకి లాగుతూ బావి పక్క వాలు చివరిదాకా దిగి, బాన ఒలికిపోయి ఉంటుందని ఎవరూ చెప్పకుండానే వెనక్కి నడుస్తాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వాటి పని అదే. తాడు పొడుగైంది కనుక అవి చివరికి చేరేసరికి నేనింకా నీళ్లలోనే ఉన్నాను. నాయుడు ముల్లుకర్రతో పొడిచినా అవి వెనక్కే.

“ముందుకు తోలు భాయ్, మనిషి పోతాడు,” అంటూ మస్తాన్ బావి మెట్లు దిగాడు.

నాయుడి భార్య వరాలమ్మ చెరకాకు మోపు తెచ్చి వాలు అవతల పడేసింది. “కొడితే ఇంటాయేటి? మేత సూపించు,” అంది.

ఎద్దులు మేత కోసం నాలుగడుగులు ముందుకేశాయి. నా తల నీళ్ల పైకొచ్చింది. మస్తాన్ అద్దం మూత విప్పేశాడు.

“వాల్వేది బావా?” అని పైనుంచి నాయుడు.

“నీ ఎద్దుల్నడుగు,” అన్నాను, మాట వచ్చాక.

పంపు, హోస్ ఎప్పుడూ పరీక్షించే దిగేవాణ్ణి. నన్ను పైకి తెచ్చే తాడును పరీక్షించాలని మాత్రం తోచలేదు. మర్నాడు కొత్త వాషర్ వేశాం. వాలు అవతల దారి చదును చేయించి, వరాలమ్మను మోపుతో నిలబెట్టి, ముందు నా అంత బరువున్న ఇసక బస్తాను అడుగుకు దింపించాను. బస్తా పైకొచ్చింది. తర్వాత నేను దిగాను. వాల్వుతో వచ్చాను. సాయంత్రానికి చెరకు మళ్లలో నీరు పారుతోంది. ఆ ఇసక బస్తాను మాత్రం నా సరంజామాలో కలిపేసుకున్నాను.